ఆవిడది మోటివేషన్ కథ కాదు బాబాయ్

నిన్న పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. తెల్లజుట్టు ముసలావిడ ఫొటో, కింద పెద్దక్షరాలతో '102 ఏళ్ళ వయసులో డాక్టరేట్! చదువుకి వయసు అడ్డా?' అని. పక్కన రెండు దణ్ణాలు, ఒక కండ. పిన్ని వెంటనే 'గ్రేట్' అంది. వదిన పదో తరగతి చదివే కొడుకుని ట్యాగ్ చేసి 'చూసి నేర్చుకో' అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆవిడ పేరు ఇంగెబోర్గ్ రాపోపోర్ట్. వందేళ్ళు దాటాక సరదాపడి పుస్తకం పట్టిన బామ్మ కాదు. పిల్లల డాక్టరు. తూర్పు బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రిలో పురిటిబిడ్డల వైద్యానికి ప్రొఫెసర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ థీసిస్ ఆవిడ రాసింది 1938లో, హాంబుర్గ్ యూనివర్సిటీలో, పాతికేళ్ళ వయసులో. డిఫ్తీరియా మీద, అంటే మన పెద్దవాళ్ళు కంఠసర్పి అనే జబ్బు మీద. ప్రొఫెసర్‌కి నచ్చింది. వైవా, అంటే నోటిమాటగా జరిగే పరీక్ష, ఒక్కటే మిగిలింది. ఆ వైవాకే రానివ్వలేదు. ఎందుకంటే వాళ్ళమ్మ యూదు. ఈవిడ పెరిగింది ప్రొటెస్టెంట్ క్రైస్తవురాలిగానే, కానీ నాజీల చట్టం చూసేది గుడినీ చర్చినీ కాదు, తాతముత్తాతల్ని. యూదు వంశమని గుర్తుగా పరీక్ష కాగితాల మీద పసుపు గీత పడింది. అంతే, చదువు అక్కడితో ఆగింది.

ఆ ఫార్వర్డ్‌లో 102 ఉంది. మధ్యలో పోయిన 77 ఏళ్ళు లేవు. ఎవరు ఆపారన్నది అసలే లేదు.

నా పీహెచ్‌డీ వైవా ఎనిమిది నెలలు ఆగింది. ఎవరి బల్ల మీదో ఫైలు నిద్రపోయింది. ఆ ఎనిమిది నెలలూ నేను ఇంట్లో అందరి మీదా అరిచాను. కానీ నా ఫైలు బద్ధకం వల్ల ఆగింది. ఎవరో ఒకరు కదిపితే కదిలింది. ఆవిడ ఫైలు విషయంలో ఆఫీసంతా చురుగ్గా, రూలు ప్రకారం, తన పని తాను చేసింది.

ఆ రూల్స్ భాష చూడండి. 1933 ఏప్రిల్ 25న వచ్చిన చట్టం పేరు 'జర్మన్ బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో రద్దీ నివారణ చట్టం'. రద్దీ! బస్సులో కాస్త సర్దుకోండి అన్నట్టు లేదూ? పేరులో యూదు అన్న మాటే లేదు, లోపల 'ఆర్యులు కానివారు' అని ఉంటుంది. కొత్త అడ్మిషన్లలో వాళ్ళు 1.5 శాతం మించకూడదు, మొత్తం మీద 5 శాతం దాటకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధభూమిలో పోరాడినవాళ్ళ పిల్లలకి మినహాయింపు కూడా ఇచ్చారు, అదేదో దయ అన్నట్టు. 1937 ఏప్రిల్‌లో యూదులకి డాక్టరేట్లు ఆపేశారు. 1938 నవంబర్‌లో యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద జరిగిన దాడుల తర్వాత పూర్తిగా గేటు మూసేశారు.

(ఆ 1.5 శాతాన్ని తెచ్చి మన రిజర్వేషన్లతో పోల్చేవాళ్ళు కామెంట్లలో ఎలాగూ వస్తారు. ముందే చెప్తున్నా: గుమ్మం దాకా కూడా రానివ్వని వాళ్ళకి తలుపు తీసేది ఒకటి, లోపల కూర్చున్నవాళ్ళని బయటికి గెంటేది ఇంకొకటి. శాతం గుర్తు ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.)

అన్నిటికంటే నన్ను కలచివేసేది తోటి విద్యార్థుల సంగతి. హిట్లర్ ఇంకా గద్దెనెక్కక ముందే, 1931లోనే, జర్మన్ విద్యార్థి సంఘం నాజీ కుర్రాళ్ళ చేతికి వచ్చేసింది. 1933 ఏప్రిల్‌లో క్యాంపస్‌లలో పోస్టర్లు అంటించారు. యూదులు జర్మన్‌లో రాస్తే దాన్ని అనువాదం అని గుర్తు వెయ్యాలట! పుట్టి పెరిగిన ఊళ్ళో, అమ్మ పాడిన జోలపాట భాషలో రాస్తే అనువాదమట. మే 10న పుస్తకాలు తగలబెట్టిందీ ఆ సంఘం కుర్రాళ్ళే, పక్కన ప్రొఫెసర్లు కూడా నిలబడ్డారు. క్లాసులో పక్క బెంచీ ఖాళీ అయితే సీటు దొరికిందనుకున్నవాళ్ళు ఎంతమందో.

1938లో ఆస్ట్రియాని కలిపేసుకున్నాక వియన్నా యూనివర్సిటీలో ఇంకో దౌర్భాగ్యం. చదువు చివరికొచ్చిన కొందరు యూదు విద్యార్థులకి పట్టా ఇచ్చారు, కానీ స్నాతకోత్సవం వేరుగా. ఆ పట్టాతో పాటే ఆ వృత్తి చెయ్యకూడదన్న నిషేధం. భోజనానికి పిలిచి విస్తరి వేసి చేతులు కట్టెయ్యడం అంటే ఇదే.

మళ్ళీ ఇంగెబోర్గ్ దగ్గరికి వస్తాను. ఆవిడ ప్రొఫెసర్ రుడాల్ఫ్ డెగ్‌క్విట్జ్ ఒక కాగితం రాసిచ్చాడు: ఈమె వంశం కారణంగా చట్టం అడ్డు రాకపోతే ఈ థీసిస్‌ని నేను ఆమోదించి ఉండేవాణ్ణి అని. ఈయన సంగతి ఒక పట్టాన తేలదు. తొలినాళ్ళలో తనే నాజీ పార్టీ మనిషి. తర్వాత ఎదురుతిరిగి జైలుకీ వెళ్ళాడు. ఆ కాగితం మంచితనమా, చేతులు దులుపుకోవడమా? రెండూ కావచ్చు.

ఆవిడ 1938లోనే అమెరికా వెళ్ళిపోయి, మళ్ళీ మెడికల్ కాలేజీలో చేరి డాక్టరైంది. 2015 మే నెలలో హాంబుర్గ్ నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు బెర్లిన్‌లో ఆవిడ ఇంటికే వచ్చి, ముందుగదిలో కూర్చుని వైవా చేశారు. అప్పటికి ఆవిడకి చూపు దాదాపు పోయింది. 1938 తర్వాత డిఫ్తీరియా మీద ఏమేం తెలిసిందో తెలిసినవాళ్ళు ఇంటర్నెట్‌లో వెతికి చెప్తే విని గుర్తుపెట్టుకుంది. ఊరికే ఇచ్చేస్తే పుచ్చుకోలేదు, ప్రశ్నలకి జవాబులు చెప్పి తీసుకుంది. ఇది నా కోసం కాదు, అప్పుడు బలైపోయినవాళ్ళ కోసం అంది. 2017లో పోయింది.

ఇదంతా గ్రూపులో టైప్ చేసి పెట్టాను. ఎవరూ పలకలేదు. రాత్రి బాబాయే ఫోన్ చేశాడు. ఆయన ముప్పై ఏళ్ళు గవర్నమెంట్ ఆఫీసులో గుమాస్తాగా చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాడు. కోపం వచ్చిందేమో అనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

'ఆ పసుపు గీత, ఎవడో మాలాంటి గుమాస్తాయే స్కేలు పెట్టి గీసుంటాడురా' అన్నాడు.

తర్వాత బీపీ మాత్ర వేసుకునే టైమైందని ఫోన్ పెట్టేశాడు.