వెనక కూర్చుని బ్రేకు వేయండి బాబాయ్

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989. అందులో మూడో నిబంధన. తలస్నానం చేసి, తూర్పుకి తిరిగి కూర్చుని చదవాల్సిన వాక్యాలవి. ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు, అది మాత్రమే ఉన్న మనిషి ఒంటరిగా బండి తోలకూడదు. పక్కా లైసెన్సు ఉన్నవాడొకడు తోడుండాలి. బాగానే ఉంది. ఆ తోడున్నవాడు బండిని అదుపు చేయడానికి గానీ ఆపడానికి గానీ వీలయ్యే చోట కూర్చోవాలి. కారుకైతే ఇదీ బాగానే ఉంది. డ్రైవింగ్ స్కూలు కారులో గురువుగారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది.

కారుని తలుచుకుని రాశారులే, మోటార్ సైకిల్ సంగతి మర్చిపోయి ఉంటారులే అని జాలి పడబోకండి. ఆ కిందే మోటార్ సైకిల్ కోసం ప్రత్యేకంగా ఇంకో వాక్యం ఉంది. నేర్చుకునేవాడు, బండికి సైడ్ కార్ ఉన్నా లేకపోయినా, పైన చెప్పిన పద్ధతిలో కూర్చున్న గురువుని తప్ప మరెవరినీ ఎక్కించుకోకూడదట. అంటే అన్నీ గుర్తుండే రాశారు. సైడ్ కార్ సైతం గుర్తుంది. బ్రేకు ఎక్కడుంటుందో అదొక్కటే గుర్తు లేదు.

మొన్న మా పిన్ని కొడుకుని సెంటర్లో ఆపి, "వెనక లైసెన్సు ఉన్న మనిషేడి?" అని అడిగారు. అడిగినాయన తప్పేమీ లేదు, రూలు అదే. మావాడు ఎల్ఎల్ఆర్ చూపించాడు, ఇన్సూరెన్సు చూపించాడు, నెత్తిన హెల్మెట్ ఎలాగూ ఉంది. వెనక సీటు మీద బాబాయిని మాత్రం చూపించలేకపోయాడు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. బాబాయి ఆ రోజు బండి మీద ఉండి ఉంటే, చట్టప్రకారం ఏ భంగిమలో ఉండాలి?

ముందు బ్రేకు హ్యాండిల్ కుడిచేతి దగ్గర ఉంటుంది. వెనక బ్రేకు కుడికాలి కింద. బాబాయి హ్యాండిల్ అందుకోవాలంటే కొడుకు చంక కిందుగా చేయి పోనివ్వాలి. చేయి అంత దూరం సాగాలంటే ఛాతీ వెళ్లి కొడుకు వీపుకి ఆనాలి. ఛాతీ ఆనాలంటే మధ్యలో పొట్ట దారివ్వాలి. బాబాయి పొట్ట బ్యాంకు ఉద్యోగంలో పెరిగింది, ఎవరికీ తేలిగ్గా దారివ్వదు. సరే, ఇచ్చిందే అనుకుందాం. కుడికాలు ముందుకి చాపి కొడుకు పాదం మీద తన పాదం పెట్టాలి. బ్రేకు నొక్కేటప్పుడు క్లచ్ పట్టకపోతే ఇంజన్ ఆగిపోతుంది కాబట్టి ఎడమచేయి రెండో చంక కిందుగా పోవాలి. ఇప్పుడు రోడ్డు కనబడాలి కదా, ఎదురుగా కొడుకు హెల్మెట్ అడ్డం. మెడ పక్కకి వంచాలి. ఈ ఆసనంలో తండ్రీకొడుకులు విజయవాడ బెంజ్ సర్కిల్ దాటాలి. దాటుతుంటే ఆటోవాళ్లు ఆగి మరీ చూస్తారు.

బాబాయికి తీరిక లేకపోతే పిన్ని ఉంది. ఆవిడకీ లైసెన్సు ఉంది, స్కూటీ మీద రోజూ బడికి వెళ్లే టీచరమ్మ. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటుంది. ఒక పక్కకి కూర్చున్న గురువు చెల్లదని నిబంధనలో ఎక్కడా లేదు. కాకపోతే ఆ స్థానం నుంచి ఆవిడ చేతికి అందేది కొడుకు కాలరొక్కటే. అది గట్టిగా పట్టుకుంటే బండి ఆగడం సంగతేమో గానీ వాడి ఊపిరి ఆగుతుంది.

పెద్దలకి నాదొక మనవి. ప్రతి గురువుకీ చేతి పొడవు ధ్రువీకరణ పత్రం తప్పనిసరి చేయండి. మీసేవలో దరఖాస్తు, వీఆర్వో విచారణ, తహసీల్దారు సంతకం. పొట్ట చుట్టుకొలత వేరే ఫారంలో. చేయి పొట్టి అని తేలినవాళ్లు రెండు కాళ్లూ నేలకి రాసి బండి ఆపవచ్చని ఒక జీవో తీసుకురండి, చెప్పుల ఖర్చు ఎటూ గురువే పెట్టుకుంటాడు.

నేర్చుకునేవాడి బండికి తగిలించాల్సిన ఎల్ బోర్డుకి మాత్రం లెక్కలు సెంటీమీటర్లలో ఉన్నాయి. 18 సెంటీమీటర్ల చదరం, తెల్ల రంగు మీద ఎర్ర అక్షరం, ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9. ముందొకటి, వెనకొకటి. ఇన్ని బైకులు తిరుగుతున్నాయి, ఒక్కదానికైనా ఎల్ ఉండగా మీరు చూశారా? నంబరు ప్లేటు మీద 'డాడ్స్ గిఫ్ట్'కి చోటుంటుంది. అభిమాన హీరోకి, కులానికి, ఇంకా చోటు మిగిలితే పులి బొమ్మకి కూడా ఉంటుంది. ఎల్ పెట్టుకోవడం మాత్రం నామోషీ.

నెల గడిచాక పక్కా లైసెన్సు పరీక్షకి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లి బండితో 8 అంకె వేయాలి. ఫస్ట్ గేర్‌లో, నడిచేంత వేగంతో, కాలు కింద పెట్టకుండా. ఆ ప్రాంగణంలో లారీ ఉండదు, రాంగ్ రూట్లో వచ్చే ఆటో ఉండదు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఉండదు, ఎదుటివాడి హైబీమ్ ఉండదు. 8 వేసి లైసెన్సు చేతికొస్తే వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుని 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కేయవచ్చు. నిన్నటిదాకా బండిని ఆపగలిగే చోట కూర్చోవాల్సిన మనిషి ఇవాళ అదే సీటు మీద కునుకు తీయవచ్చు.

బ్రిటన్‌లో 1990 నుంచి, నేర్చుకునేవాడు ఒంటరిగా రోడ్డెక్కే ముందు ఒక ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. శిక్షణలో గురువు వేరే బండి మీద వెంట వస్తూ రేడియోలో చెబుతాడు. అంటే ఒక మనిషి, ఒక బండి, ఒక జీతం.

మన దగ్గర బైకు ఎవరు నేర్పుతున్నారు? డ్రైవింగ్ స్కూళ్లు బతికేది కార్ల మీద. బైకు నేర్పేది ఆదివారం పొద్దున్న జూనియర్ కాలేజీ గ్రౌండు. నేర్పేవాడు మేనమామో, పక్కింటి స్నేహితుడో. సిలబస్ మొత్తం ఒకటే వాక్యం: "ఒరేయ్, ముందు బ్రేకు ముట్టుకోకు, బోర్లా పడతావు!" తాతలనాటి నుంచి ఇదే మంత్రోపదేశం. అది తప్పండీ! బ్రేకు వేస్తే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. ముందు బ్రేకు ఎంత మోతాదులో, ఎంత మెల్లగా నొక్కాలో నేర్పాలి. వద్దని నేర్పడం ప్రాణం తీయడం. ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసు. తెలుసు కాబట్టే 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఆ లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి చేసింది. ఇనుముకి బుద్ధి చెప్పడానికి తీరిక దొరికింది. మనిషికి చెప్పడానికి దొరకలేదు. 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. వీళ్లలో ఎంతమందికి అత్యవసరంగా బ్రేకు వేయడం ఎవరైనా కూర్చోబెట్టి నేర్పి ఉంటారు?

ఇక పదహారేళ్ల బాబుల కథ. 18 నిండని వాళ్లకి చట్టం ఇచ్చింది 50 సీసీ మించని బండి. షోరూముకి వెళ్లి అలాంటి పెట్రోలు బండి అడిగి చూడండి, సేల్స్ కుర్రాడు నవ్వుతాడు. అయితే ఏం, ఇంటర్ ఫస్టియర్‌లో మార్కులొచ్చాయని నాన్న 200 సీసీ కొనిపెడతాడు. పైగా ఎల్ఎల్ఆర్ కూడా లేని ఆ పిల్లాడి వెనక ఇంకో ఇద్దరు పిల్లలు. మైనరు నేరం చేస్తే తండ్రికైనా బండి ఓనరుకైనా 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2019 సవరణలో ఇదంతా స్పష్టంగా ఉంది. మరి సెంటర్లో ఆపేది ఎవరిని? హెల్మెట్ పెట్టుకుని, కాగితాలన్నీ జేబులో పెట్టుకుని, నలభైలో పోయే ఎల్ఎల్ఆర్ వాడిని. వాడైతే ఆగుతాడు కాబట్టి! ముగ్గురేసి ఎక్కి ఎగిరిపోయేవాళ్లని పట్టుకోవాలంటే వాళ్ల వెంట పరిగెత్తక్కర్లేదు, సాయంత్రం ఆ నాన్నల తలుపు తట్టండి. మా కాలనీతోనే మొదలుపెట్టండి. ఫ్లాట్ నంబర్లు నేనిస్తాను.