వెబ్‌సైట్‌కి జనం రాకుండా కాపాడుకోవడం ఎలా?

పదిహేనేళ్ళుగా వెబ్‌సైట్లు కట్టి బతుకుతున్నవాణ్ణి కాబట్టి, కొత్తగా సైట్ పెట్టుకునేవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. అందరూ హ్యాకర్లంటే భయపడి చస్తారు గానీ, హ్యాకర్ ఎప్పుడో ఒకసారి వచ్చి తన పనేదో చూసుకుని పోతాడు. అసలు తలనొప్పి చూసేవాళ్ళతో. రోజూ వస్తారు. ఫీజెంత అంటారు, ఆఖరు తేదీ ఎప్పుడంటారు, ఫోన్ నంబర్ ఏదంటారు. వీళ్ళని గుమ్మం దగ్గరే ఆపడం ఒక కళ. మన రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ కళకి లోటేమీ లేదు, కాకపోతే పద్ధతిగా నేర్పేవాళ్ళే లేరు.

మొన్నామధ్య ఒక కాలేజీకి సైట్ చేశాను. ప్రారంభోత్సవం రోజు ల్యాప్‌టాప్‌కి పసుపు రాసి బొట్టు పెట్టారు, మౌస్ పక్కన నిమ్మకాయ ఉంచారు, కొబ్బరికాయ మాత్రం నేను బతిమాలితే బయట కొట్టారు. ఛైర్మన్ గారు క్లిక్ చేశారు, తెర నిండా ఛైర్మన్ గారే. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో, పది ఎంబీ, తీసింది తీసినట్టే పెట్టమన్నారు. ‘‘కొంచెం సైజు తగ్గిస్తానండీ’’ అన్నాను ముందురోజు, తెలియక. ఏఓ గారు కళ్ళజోడు తీసి, ‘‘సార్‌ని తగ్గిస్తావా?’’ అన్నారు. మరి మాట్లాడలేదు. కాలేజీ వైఫైలో ఆ ఫొటో రెప్పపాటులో వస్తుంది. బస్టాప్‌లో రెండు గీతల సిగ్నల్‌తో చూసే పిల్లాడికి మాత్రం ముందు నుదురు, తర్వాత కళ్ళజోడు, మీసం దాకా దిగేసరికి బస్సు వచ్చేస్తుంది. అడ్మిషన్ల ఫోన్ నంబర్ ఆ ఫొటోలోనే, సారు గడ్డం కింద రాయించారు. నొక్కితే ఫోన్ కలవదు, కాపీ కాదు, పెన్నూ కాగితం తెచ్చుకుని రాసుకోవాలి. చేతిరాత కూడా బాగుపడుతుంది.

ఇక్కడ మొదటి పాఠం దొరికింది కదా: అక్షరంగా పెట్టగలిగిన దేన్నీ అక్షరంగా పెట్టకండి. నోటీసుని ప్రింట్ తీసి, సంతకం చేయించి, స్టాంపు కొట్టి, మళ్ళీ స్కాన్ చేసి, వీలైతే అడ్డంగా తిప్పి పీడీఎఫ్‌గా ఎక్కించండి. దాంట్లో ఒక్క ముక్క వెతికినా దొరకదు. కంటిచూపు లేనివాళ్ళు ఫోన్‌లో చదివి వినిపించే యాప్ వాడతారు, దానికి అది ఉత్త బొమ్మ. కంప్యూటర్‌లో ప్రతి భాష అక్షరాలకీ తలో నంబరు ఇచ్చే యూనికోడ్ వాళ్ళు 1991లోనే తెలుగుకి 128 గళ్ళు కేటాయించి కూర్చున్నారు, కానీ మనకి డీటీపీ కుర్రాడు, ఇంగ్లిష్ అక్షరాలకి తెలుగు వేషం వేసే అనూ ఫాంట్లలో కొట్టిచ్చిన ఫైలే ముద్దు. అది తీసుకెళ్ళి నేరుగా పేజీలో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ చుక్కలూ గీతలూ కలిసి ఎవరో తిట్టినట్టు కనబడుతుంది. అందుకని మళ్ళీ బొమ్మే.

మరీ మొండిపట్టు పట్టి నిజమైన తెలుగు అక్షరాలే పెడతానంటారా, పెట్టండి, దానికీ మందుంది. డిజైన్ చేసే కుర్రాళ్ళు ఇంగ్లిష్ కొలతలతో లైన్ల మధ్య ఎడం ఇస్తారు. ఇంగ్లిష్ బుద్ధిగా గీత మీద నిలబడే భాష. మనది పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద మళ్ళీ ఒత్తు. ‘రాష్ట్రం’ అని రాస్తే మూడంతస్తుల మేడ. ఆ ఎడం పెంచకుండా వదిలేస్తే పై లైను ఒత్తులు కింది లైను నెత్తిమీద కూర్చుంటాయి. ఇక బటన్ ఎత్తు పిసినారితనంగా పెట్టారంటే అడుగున ఉన్నదంతా కత్తిరించుకుపోతుంది. ఒక సైట్‌లో ‘క్లిక్ చేయండి’ బటన్‌కి లావొత్తు తెగిపోయి నెలరోజులు ‘కిక్ చేయండి’ అనే ఉంది. చేసింది నేనే. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, బహుశా అందరికీ తన్నాలనే ఉండి ఉంటుంది.

(తెలుగంటే యంత్రాలకి బెదురు ఈనాటిది కాదు లెండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కి దీర్ఘమిచ్చి మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి ఇరికించి మెసేజ్ పంపితే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ వాళ్ళు హడావిడిగా 11.2.6 అని ఒక అప్‌డేట్ వదిలి గండం గట్టెక్కారు. జ్ఞానం మొదటి అక్షరానికే అంత ప్రమాదం.)

ఇక ఫారాలు. ఇది మన ప్రతిభ పూర్తిగా వెలుగులోకి వచ్చే చోటు. ముందుగా ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గళ్ళు పెట్టి, రెండూ తప్పనిసరి చేయండి. ఇంటిపేరు ముందు రాసుకునే జాతి కదా మనది, ఏది ఫస్టో ఏది లాస్టో తేలేలోపు సగం మంది లేచిపోతారు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుని పక్కన చుక్క పెట్టుకున్నవాళ్ళకి ‘ఈ గుర్తు చెల్లదు’ అని ఎర్రగా చూపించండి. ఈ గళ్ళ గొడవలోనే పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒక గడిలోకి పోయి, అమెరికా వీసా మీద అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదు అని, పడినవాళ్ళు ఎంతమందో. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు అది.

తర్వాత ఫొటో. ఇరవై కేబీకి తగ్గకూడదు, యాభై కేబీకి మించకూడదు అనండి. సారు పది ఎంబీ, చదువుకునేవాడు యాభై కేబీ. వాడు ఆ ఫొటోని కుదించుకు వచ్చేలోపు, ఐదు నిమిషాలకే ‘మీ సెషన్ ముగిసింది’ అని చెప్పి నింపినవన్నీ తుడిచేయండి. రెండుసార్లు ఇలా అయ్యాక వాడే నెట్ సెంటర్‌కి పోయి వంద రూపాయలిచ్చి చేయించుకుంటాడు. ఒకరికి ఉపాధి కల్పించాం. వంకర అక్షరాలు చూపించి ‘రోబోవి కాదని నిరూపించుకో’ అనే క్యాప్చా కూడా పెట్టండి, సున్నాకీ ఇంగ్లిష్ ఓకీ తేడా తెలియని రకం. రోబోలు ఎలాగూ దాటిపోతాయి, మనుషులు మాత్రం ఆగుతారు.

సైట్‌ని నమ్మొచ్చని బ్రౌజర్‌కి చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్ ఈమధ్య ఉచితంగా ఇస్తున్నారు, 90 రోజులకోసారి దానంతటదే మారేలా కూడా పెట్టుకోవచ్చు. అలా పెట్టొద్దు. క్యాలెండర్‌లో రాసుకోండి, ఆ క్యాలెండర్ ఎక్కడో పెట్టి మరిచిపోండి. బ్యాకప్ గురించి అడగకండి, అదీ ఆ సర్వర్‌లోనే ఉంది.

అన్నిటికంటే గట్టి తాళం డొమైన్, అంటే సైట్ చిరునామా. దాన్ని సంస్థ పేరున కొనకండి. సైట్ చేసిన కుర్రాడి పేరున, కుదిరితే వాడి బావమరిది జీమెయిల్‌తో కొనండి. పైన చెప్పిన కాలేజీకి అలాగే కొన్నారు, నాకు ముందు పని చేసినాయన హయాంలో. ఆయన బెంగుళూరు వెళ్ళిపోయాడు, బావమరిదికి గడువు దాటుతోందని మెయిళ్ళు వచ్చాయి, ఆయన వాటిని లాటరీ మోసం అనుకుని తీసేశాడు. డాట్ కామ్ పేరు గడువు దాటిన వెంటనే పోదు. కొన్నాళ్ళు ఆగుతారు, ఆ తర్వాత కూడా ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవడానికి 30 రోజులిస్తారు, చివర్లో ఇంకో 5 రోజులు ఎవరి చేతిలోనూ లేకుండా ఉంచి అప్పుడు బజార్లో పెడతారు. అంటే చనిపోయినవాళ్ళ కర్మకాండకన్నా ఎక్కువ రోజులే. ఇంతకాలంలో ఒక్కరూ గమనించలేదు, ఎందుకంటే పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాక ఆ సైట్‌కి వచ్చేవాళ్ళే లేరు.

పోయిన వారం పొద్దున్నే ఛైర్మన్ గారు ఫోన్ చేశారు. నేను అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచి చూస్తున్నాను, అడ్మిషన్ల పేజీ ఉండాల్సిన చోట పేకముక్కలు గిరగిరా తిరుగుతున్నాయి, చేరితే బోనస్ అంటోంది. చెమటలు పట్టేశాయి.

‘‘కొత్త డిజైన్ బావుందయ్యా, కళకళలాడుతోంది. మనవాళ్ళందరికీ ఫార్వర్డ్ చేశా. కానీ నా ఫొటో ఏదీ?’’

‘‘లోడ్ అవుతోంది సార్’’ అన్నాను.