పొట్టేలు ఒక్కటే చాలదు
కవల పిల్లల జన్యువున్న పొట్టేలును దాటిస్తే అదే ఈతలో పిల్లల సంఖ్య పెరుగుతుందని మీ వ్యాసంలో రాశారు. అది సరికాదు. సుందరవనాల గరోల్ గొర్రెల నుంచి మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో దక్కనీ గొర్రెల్లోకి తెచ్చిన ఫెక్‌బి అనే ఈ కవలల జన్యువు పనిచేసేది తల్లి అండాశయంలో. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక్క ప్రతి వచ్చినా అండాలు ఎక్కువ విడుదలవుతాయి. అంటే పొట్టేలు ఇచ్చిన ఫలం దాని కూతుళ్లు ఈనినప్పుడే కనిపిస్తుంది. చూడి కాలం సంగతి వేరు. సుమారు 150 రోజుల ఆ గడువుపై కడుపులోని పిల్ల జన్యువుల ప్రభావం కూడా ఉంటుంది కాబట్టి తండ్రికీ వాటా ఉంది. కవలలైతే కాస్త ముందే ఈనుతుంది, పిల్లలు తక్కువ బరువుతో పుడతాయి. ఎండాకాలం మేత కోసం మైళ్లు నడిచే మన దక్కనీ మందల్లో చివరి ఆరు వారాలు దాణా పెట్టకపోతే రెండో పిల్లకు పొదుగులో పాలెక్కడివి? దయచేసి ఆ విషయమూ రాయండి.