లేఆఫ్ ఈమెయిల్ గారికి పక్క సీటు నుంచి ఒక జవాబు

మహారాజశ్రీ లేఆఫ్ ఈమెయిల్ గారికి,

నమస్కారాలు. తమరు నా ఇన్‌బాక్స్‌కి ఇంకా దయచేయలేదు. పక్క సీటు దాకా వచ్చి, అక్కడి ఉద్యోగం ఊడగొట్టి వెళ్లారు. తమరిని అందుకున్నవాళ్లు జవాబిద్దామంటే తమరి అడ్రస్ రిప్లైలు తీసుకోదు. పైగా తమరు దిగేసరికే వాళ్ల ఆఫీసు లాగిన్ పోయి ఉంటుంది. అందుకే వాళ్ల తరఫున నేను రాస్తున్నాను. ఆఫీసు లాప్‌టాప్‌లో కాదు లెండి, సొంత ఫోన్‌లో.

చావు కబురు చల్లగా చెప్పడంలో తమరి తర్వాతే ఎవరైనా. ఇంతకుముందు ఇంత నాజూకు ఉండేది కాదు. 2021 డిసెంబరులో బెటర్ డాట్ కామ్ అనే గృహరుణాల కంపెనీ సీఈఓ విశాల్ గార్గ్ దాదాపు 900 మందిని ఒకే జూమ్ కాల్‌కి పిలిచి, ఈ కాల్‌లో ఉన్నారంటే మీ ఉద్యోగం పోయినట్టే అని చెప్పేశాడు. జనం దుమ్మెత్తిపోశారు, ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. దాన్నుంచి మిగతా కంపెనీలు నేర్చుకున్నదేమిటయ్యా అంటే, మొహం చూపించకూడదని.

ఆ మరుసటి ఏడాది నుంచి తమరిదే వైభవం. 2022 నవంబరులో మస్క్ చేతికొచ్చిన ట్విట్టర్ దాదాపు సగం మందిని తీసేసింది. శుక్రవారం ఉదయం తొమ్మిదిలోపు అందరికీ మెయిల్ వస్తుందన్నారు. ఆఫీసు మెయిల్‌కి వస్తే ఉద్యోగం ఉన్నట్టు, సొంత మెయిల్‌కి వస్తే ఊడినట్టు. తమరిని తెరిచి చదవక్కర్లేదు కూడా. బల్లి ఎక్కడ పడిందో చూసి ఫలితం చెప్పుకున్నట్టు, తమరు ఎక్కడ పడ్డారో చూసుకుంటే చాలు.

చదివినా పెద్ద తేడా ఏముంది? ఏ కంపెనీ నుంచి వచ్చినా తమరిది ఒకటే అచ్చు. పైన ఆప్యాయంగా పలకరింపు. కింద ‘కష్టమైన నిర్ణయం’. ఆ కింద, కరోనా రోజుల్లో గిరాకీ చూసి ఎక్కువ మందిని తీసుకున్నాం, ఇప్పుడు పరిస్థితి మారింది అని ఒక పేరా. తర్వాత మీ సేవలకు కృతజ్ఞతలు. చివర్లో, కంపెనీ భవిష్యత్తు ఎంత ఉజ్జ్వలంగా ఉండబోతోందో. ఉద్యోగం పోయినవాడికి ఇది ఎందుకు చెప్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. షేర్లు కొనుక్కోమనా?

వీటి మధ్యలో ఒక రత్నం పొదిగి ఉంటుంది: బాధ్యత నాదే అని. 2022 నవంబరులో 11,000 మందిని పంపిస్తూ, ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ అధినేత జుకర్‌బర్గ్ గారు బాధ్యత తీసుకున్నారు. 2023 జనవరిలో 12,000 మంది గురించి చెబుతూ సుందర్ పిచాయ్ గారు పూర్తి బాధ్యత తీసుకున్నారు. తీసుకుని ఏం చేశారు? మెటాలో ఆ మార్చిలోనే ఇంకో 10,000 మందిని తీసేస్తామన్నారు. ఈ రెండు విడతలకీ మధ్య, ఫిబ్రవరి 1న, సొంత షేర్లు తిరిగి కొనుక్కోడానికి మరో 4,000 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. గూగుల్ మాతృసంస్థ ఏప్రిల్‌లో లెక్కలు చూపిస్తే, 2022కి పిచాయ్ గారి మొత్తం పారితోషికం దాదాపు 22.6 కోట్ల డాలర్లని తేలింది. అందులో చాలా భాగం మూడేళ్లకోసారి ఇచ్చే షేర్లు కదా అంటారు కంపెనీ తరఫువాళ్లు. నిజమే. మూడేళ్లకోసారి ఆయనకి రావాల్సింది వచ్చింది, నెలనెలా వాళ్లకి రావాల్సింది ఆగింది.

మైక్రోసాఫ్ట్ సంగతి ఇంకా ముచ్చటైనది. 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించడానికి ముందు రోజు రాత్రి, స్విట్జర్లాండులోని దావోస్‌లో ఆ కంపెనీ పెద్దలు ఓ యాభై మంది అతిథులతో కలిసి ఇంగ్లిషు గాయకుడు స్టింగ్ పాట కచేరీ విన్నారు. తమరు అప్పటికి డ్రాఫ్ట్‌లో ఉండి ఉంటారు.

తమరు వచ్చి పడిన ఉదయం మా దగ్గర ఎలా ఉంటుందో తమరికి తెలిసే వీల్లేదు, అందుకని చెప్తున్నాను. మీటింగులన్నీ యథావిధిగా ఉంటాయి, ఎవరూ నోరు విప్పరు. అందరూ చాట్‌లో ఒకరి తర్వాత ఒకరి పేరు కొట్టి చూస్తుంటారు. పేరు మామూలుగా కనిపిస్తే మనిషి ఉన్నట్టు. బూడిద రంగులోకి మారి పక్కన ‘డీయాక్టివేటెడ్’ అని ఉంటే పోయినట్టు. నా పక్క సీటు ఆవిడ ముందు రోజు రాత్రే నా కోడ్ కింద కామెంట్ పెట్టారు: ‘ఈ లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది, రేపు మాట్లాడదాం.’ తెల్లారేసరికి ఆవిడ పేరు బూడిద రంగు. ఆవిడ అప్రూవ్ చేస్తే తప్ప ఆ కోడ్ ముందుకి కదలదు. సిస్టమ్‌కి తమరి సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు, ‘రివ్యూ పెండింగ్‌లో ఉంది’ అని ఆవిడకి రిమైండర్లు పంపుతూనే ఉంది. తర్వాత ఆవిడ ఇంటికి ఒక ఖాళీ అట్టపెట్టె వచ్చిందట, లాప్‌టాప్, చార్జర్, బ్యాడ్జి అందులో పెట్టి పంపమని. తిరుగు అడ్రస్ స్టిక్కరు ముందే ప్రింటు చేసి ఉంది, టేపు కూడా పెట్టారు. ఇన్నేళ్లలో కంపెనీ నుంచి ఇంత శ్రద్ధగా ఏదీ రాలేదని ఆవిడే నవ్వుతూ చెప్పారు.

అమెరికాలో హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకయితే నవ్వే తీరిక కూడా లేదు. ఉద్యోగం ముగిశాక కొత్తది చూసుకోడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు.

పోనీ, కారణమైనా ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. 2025 అక్టోబరులో అమెజాన్ 14,000 మంది గురించి పంపిన సందేశంలో ఏఐ ఎంత పెద్ద మార్పు తెస్తోందో రాశారు. రెండు రోజులకి సీఈఓ ఆండీ జాస్సీ గారు, ఇది డబ్బు వల్ల కాదు, ప్రస్తుతానికి ఏఐ వల్లా కాదు, ఆఫీసు సంస్కృతి వల్ల అన్నారు. అంత సంస్కృతి తమ దగ్గర ఉందని ఆ 14,000 మందికీ అప్పుడే తెలిసి ఉంటుంది. మెటా ఇంకో మెట్టెక్కింది. 2025 ఆరంభంలో సుమారు 3,600 మందిని, పనితీరు బాగాలేని వాళ్లని ఏరేస్తున్నాం అని ముందే చాటింపు వేసి మరీ తీసేసింది. మాకు మంచి రేటింగులే వచ్చాయి మొర్రో అని వాళ్లలో కొందరు మొత్తుకున్నారు. ఉద్యోగం పోవడం ఒకటైతే, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ ముద్ర ఒకటి. రేపు ఇంకోచోట ఇంటర్వ్యూలో ఏం చెప్పుకోవాలి వాళ్లు?

కంపెనీ మునుగుతుంటే మనుషుల్ని తగ్గించక తప్పని రోజులుంటాయి, కాదనను. అయితే కోత పైనుంచి కూడా మొదలుపెట్టొచ్చు. వీ యూ అనే గేముల పరికరం అనుకున్నట్టు అమ్ముడుపోక జపాన్ వీడియో గేముల కంపెనీ నింటెండో నష్టాల్లో పడ్డప్పుడు, 2014లో, ఆ కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాతా అయిదు నెలలపాటు తన జీతం సగానికి తగ్గించుకున్నాడు. మిగతా డైరెక్టర్లకీ కోత పడింది. ఉద్యోగం ఎప్పుడు పోతుందోనని భయపడేవాళ్లు జనాన్ని మెప్పించే గేములు చేయగలరా అని అంతకు ముందు ఏడాదే ఆయన అనుమానం వెలిబుచ్చాడు. అలాంటివాళ్లు ఎక్కువైతే తమరికి చేతినిండా పనుండదు, అది వేరే సంగతి.

ఒక్క మనవి. ఎప్పుడో ఒకప్పుడు నా దగ్గరికీ వేంచేస్తారు. వచ్చేటప్పుడు, కింద సంతకం పెట్టినాయనకి ఆ ఏడాది ఎంత ముట్టిందో ఒక లైను, అందులో ఎంత వదులుకున్నాడో ఇంకో లైను చేర్చుకుని రండి. రెండో లైను ఖాళీగా ఉన్నా పర్వాలేదు. భవిష్యత్తు గురించిన పేరా తీసేస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
ఒక ఉద్యోగి (ఇవాళ్టికి)

తా.క.: ట్విట్టర్ అలా తీసేసినవాళ్లలో కొందరిని కొద్ది రోజులకే మళ్లీ రమ్మని బతిమాలిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఆ పిలుపు పొరపాటున వాళ్ల ఆఫీసు మెయిల్‌కి పంపలేదు కదా?