ఎడ్రిక్ గారికి అన్యాయం జరిగింది

పార్టీ మారి వచ్చినవాణ్ణి మనం ఎంత ఆదరిస్తాం! కండువా కప్పుతాం, ఫొటోకి నవ్వుతాం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండుకు ఆ సంస్కారం లేకే ఎడ్రిక్ స్ట్రియోనా లాంటి అనుభవజ్ఞుణ్ణి పోగొట్టుకుంది.

స్ట్రియోనా అన్నది ఇంటిపేరు కాదు, జనం తగిలించిన బిరుదు. దొరికిందల్లా పోగేసుకునేవాడని అర్థం. కష్టపడి పైకొచ్చినవాళ్లంటే జనానికి ఎప్పుడూ కళ్లమంటే. 1007లో ఇంగ్లండు రాజు ఎథెల్రెడ్ ఆయనకు దేశం నడిమధ్యనున్న మెర్సియా ప్రాంతాన్ని ఏలుకోమని అప్పగించాడు. కూతుర్నిచ్చి అల్లుణ్ణీ చేసుకున్నాడు. (ఆ ఏడే రాజ్యం దండెత్తివచ్చిన డేన్లకు, అంటే డెన్మార్క్ వాళ్లకు, 36,000 పౌండ్ల వెండి చదివించుకుంది. 1012లో మళ్లీ 48,000.)

అల్లుడుగారి ఆతిథ్యం గురించి చెప్పకపోతే పాపం. 1015లో ఆక్స్‌ఫర్డ్ సభకొచ్చిన సిగెఫర్త్, మోర్కార్ అనే ఇద్దరు పెద్దమనుషుల్ని తన గదికి పిలిచాడు. లోపలికెళ్లినవాళ్లు ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్ల ఆస్తిపాస్తులు మామగారి వశమయ్యాయి. ఇంతకన్నా స్వామిభక్తి ఏముంటుంది?

అదే ఏడు డేన్ యువరాజు కనూట్ దిగాడు. ఎడ్రిక్ మామగారి ఓడలు 40 వెంటేసుకుని అటు వెళ్లిపోయాడు. వట్టి చేతులతో వెళ్తే ఏం బాగుంటుంది?

1016లో మామగారు పోయారు. బావమరిది ఎడ్మండ్ గట్టిగా పోరాడుతుంటే గాలి మారిందని పసిగట్టి, ఐల్స్‌ఫర్డ్ దగ్గర ఎడ్రిక్ మళ్లీ ఇటొచ్చాడు. ఎడ్మండ్ రమ్మన్నాడు. ఇంతకంటే బుద్ధితక్కువ పని ఎన్నడూ జరగలేదని ఆనాటి వృత్తాంతకారుడు పళ్లు నూరాడు. నా ఫిర్యాదూ ఈ బావమరిది మీదే. తేలుని జేబులో వేసుకున్నాక తేలుని తిట్టి ఏం లాభం?

అక్టోబరు 18న అస్సాండన్ దగ్గర ఎడ్మండ్‌కీ కనూట్‌కీ యుద్ధం, గెలిచింది కనూట్. అందరికంటే ముందు వెన్ను చూపింది ఎడ్రిక్, ఆయన మనుషులూ. ఆనక గెలిచినవాణ్ణీ ఓడినవాణ్ణీ రాజీపడమని సలహా ఇచ్చి, దేశాన్ని రెండు ముక్కలుగా పంచుకునేలా చేసింది కూడా ఆయనే. రెండు శిబిరాలూ అంత దగ్గర్నించి చూసినవాడు ఇంకెవడున్నాడు చెప్పండి!

నవంబరులో ఎడ్మండ్ పోయాడు, దేశమంతా కనూట్‌దైంది. 1017లో మెర్సియా మళ్లీ ఎడ్రిక్ చేతికొచ్చింది. క్రిస్మస్ నాటికి లండన్‌లో కనూటే ఆయన్ని చంపించాడు. ఆ వార్త రాసుకున్న గుమాస్తాల్లో ఒకడు ఊరుకోలేక 'చాలా న్యాయంగా' అని రెండు మాటలు తగిలించాడు.

మరుసటి ఏడు ఇంగ్లండు కనూట్‌కి కట్టిన కప్పం 72,000 పౌండ్లు. లండన్ వంతు 10,500 వేరే. అంత డబ్బు చేతులు మారుతుంటే చూడ్డానికి మనవాడు లేకపోయె.