మెట్ల మీద గోదావరి

మావారికి స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చేశాం. ఇల్లు వెతకడం, మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు, ఒక కాగితం కావాలంటే ఇంకో కాగితం తెమ్మనడం, ఇవన్నీ తీరికగా ఏడవాల్సిన విషయాలు. ప్రస్తుతానికి నా మంటంతా మెట్ల మీద.

పాతకాలపు ఇల్లు. మాది మొదటి అంతస్తు. నున్నగా మెరిసే చెక్క మెట్లు, ఎప్పుడూ మైనం వాసన. అద్దె ఒప్పందం పుట్టెడు పేజీల జర్మన్‌లో ఉంటే, మావారు చివరి పేజీ మాత్రం చూసి, "అన్నీ మామూలు షరతులేలే" అని సంతకం పెట్టేశారు. ఆ మామూలు షరతుల్లో ఒకటి సోమవారం పొద్దున మా తలుపు పిడికి చిన్న చెక్క బోర్డు రూపంలో వేలాడుతూ కనిపించింది. దాని మీద 'కేర్‌వోఖె' అని రాసి ఉంది. ఈ వారం మెట్లు శుభ్రం చేసే వంతు మాదన్నమాట. మా గుమ్మం నుంచి కింది అంతస్తు పెద్దావిడ గుమ్మం దాకా ఉన్న మెట్లు మాకూ, మా ఎదురింటి కుర్రాడికీ ఉమ్మడి. ఒక వారం అతను, ఒక వారం మేము.

ఈ ప్రాంతం వాళ్ళకు ఇది ఆచారం కాదు, మతం. 1492 నాటి నగర శాసనాల్లోనే శుభ్రత గురించి ఆజ్ఞలున్నాయట. సరిగ్గా ఆ ఏడాదే కొలంబస్ మన దేశాన్ని వెతుక్కుంటూ ఓడెక్కాడు. వీళ్ళు మాత్రం ఇంటి ముందు ఊడ్చుకుంటూ ఉండిపోయారు. 1714లో అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఎబర్‌హార్డ్ లుడ్విగ్‌గారు వీధుల శుభ్రత మీద ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. చివరికి 1988లో నగరపాలక సంస్థ ఆ నిర్బంధాన్ని ఎత్తేసింది. ఎత్తేస్తే ఏం లాభం? అది తిన్నగా వెళ్ళి అద్దె ఒప్పందాల్లో దాక్కుంది, మావారి సంతకం కోసం ఎదురుచూస్తూ.

ఎదురింటి కుర్రాడు తన వారంలో ఏం చేస్తాడో తలుపు కంతలోంచి నేను చూశాను. చూడటం తప్పే అనుకోండి, కానీ మరి నేర్చుకోవాలి కదా. చెవుల్లో పాటలు పెట్టుకుని వస్తాడు, పై మెట్టు మీద ఏదో నిమ్మవాసన ద్రవం రెండు చుక్కలు చల్లుతాడు, చెప్పుకాలితో అటూ ఇటూ రాస్తాడు, వెళ్ళిపోతాడు. అయిపోయింది. నా ఒళ్ళు మండింది. తాడేపల్లిగూడెంలో రోజూ తెల్లవారుజామున వాకిలి కడిగి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టిన ఇంటి నుంచి వచ్చినదాన్ని. శుభ్రత అంటే ఏమిటో ఈ మెట్లకు ఒక్కసారైనా తెలియాలి అనుకున్నాను.

వారమంతా గడిచి శనివారం సాయంత్రమైంది. ఆదివారం ఇక్కడ దుకాణాలు మూతపడతాయి కాబట్టి శనివారమంతా సరుకుల కోసం తిరగడమే సరిపోయింది. ఆదివారం చప్పుడు చేయకూడదు కాబట్టి మెట్ల పని ఆ రాత్రికే తేలాలి. "నేను తుడుస్తాలే" అని వారమంతా అన్న మనిషికి సరిగ్గా అప్పుడే ఇండియా నుంచి ముఖ్యమైన ఫోను వచ్చింది. బావమరిది కొత్త బండి గురించి. అది ముఖ్యమే, కాదనను.

ఊడ్చాను. బకెట్ నింపాను. ఇక్కడి బకెట్లకు లోపల లీటర్ల గీతలుంటాయి, పది దాకా. నేను గీత దాటించాను. పై మెట్టు మీద నిలబడి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, అలవాటైన చేత్తో ఒక్క ఊపున గుమ్మరించాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన ఊళ్ళో నీళ్ళు పోస్తే వాటికి వెళ్ళడానికి ఒక చోటుంటుంది. వంటింట్లో తూము, స్నానాలగదిలో తూము, వాకిట్లో వాలు, వాలు చివర కాలువ. ఎవరూ ఆలోచించరు, నీళ్ళే వెళ్ళిపోతాయి. ఈ దేశంలో ఇంత ఇంజినీరింగ్ వెలగబెట్టి, ఇంటి మొత్తం మీద నేలకు ఒక్క కన్నం పెట్టలేదు. వీధి తలుపు కింద సందు ఉంటుందిలే అనుకున్నాను. లేదు! చలిగాలి రాకుండా రబ్బరు పట్టీ బిగించారు. చలిగాలి లోపలికి రాదు, నా నీళ్ళు బయటికి పోవు.

గోదావరికి వరదొచ్చినట్టు నీళ్ళు వస్తాయనుకున్నానా, అలా కూడా రాలేదు. అలా వచ్చినా గొడవ ఒక్క క్షణంలో తేలిపోయేది. మైనం పూసిన చెక్క కదా, నీళ్ళు పీల్చుకోదు. ఒక్కో మెట్టు మీదా తీరికగా నిండి, అంచుకు వచ్చి, కాసేపు ఆలోచించి, కింది మెట్టు మీదకు దిగాయి. ఆ చప్పుడు వింటూ నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. సగం దూరం వెళ్ళేసరికి దీపం ఆరిపోయింది. ఇక్కడ మెట్ల దగ్గర దీపాలు వాటంతటవే ఆరిపోతాయి, కరెంటు పొదుపు. చీకట్లో నీళ్ళ చప్పుడు రెట్టింపు వినిపిస్తుందని ఆరోజే తెలిసింది. తడుముకుంటూ మీట నొక్కాను. వెలుగొచ్చేసరికి నాలుగు మెట్లు దిగి ఉన్నాయి. మళ్ళీ ఆరింది. మళ్ళీ నొక్కాను. ఈసారి కిందికి చేరి, పెద్దావిడ గుమ్మం ముందు పరిచిన 'స్వాగతం' పట్టాను చుట్టుముట్టాయి. పక్కనే వరుసగా పెట్టిన ఆవిడ తోట చెప్పులు కూడా తడిసి నల్లబడ్డాయి. పట్టా ఒక అంచు లేచింది, ఇంకో అంచు లేచింది.

అప్పుడు ఆవిడ తలుపు తెరుచుకుంది.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అరుపుకు ఏ భాషలోనైనా నేను జవాబు చెప్పగలను. ఆవిడ నీళ్ళ వంక చూసింది. మెట్ల మీదుగా చూపు పైకి తెచ్చి నన్ను చూసింది, నా చీపురును చూసింది, నా దోపుకున్న కుచ్చిళ్ళను చూసింది. లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి చూసింది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది, గొట్టం పగిలిందా అని.

నేను జర్మన్ నేర్చుకుంటున్నాను. రొట్టె కొనగలను, ఏ ప్లాట్‌ఫారం మీదకు రైలు వస్తుందో అడగగలను, నాకు గొంతు నొప్పిగా ఉందని డాక్టరుకు చెప్పగలను. కానీ "లేదండీ, గొట్టం నిక్షేపంగా ఉంది, ఈ నీళ్ళు నేనే ఇష్టపూర్వకంగా పోశాను" అనే వాక్యం మా పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేదు. ఆ కంగారులో నోటికొచ్చిన ఒక్క మాట, "ఆలెస్ గుట్". అంతా బాగుంది అని. అదే క్షణంలో 'స్వాగతం' పట్టా నేల విడిచి నెమ్మదిగా వీధి తలుపు వైపు బయలుదేరింది. దీపం ఆరిపోయింది.

ఈసారి మీట ఆవిడే నొక్కింది. వెలుగులో ఆవిడ చేతిలో ఫోను కనిపించింది. ఇంటి నిర్వహణ చూసే కంపెనీకి, శనివారం రాత్రి! మన దేశంలో పైకప్పు ఊడిపడినా సోమవారం దాకా ఎత్తని ఫోను, ఇక్కడ వెంటనే ఎత్తారు.

మావారు పరుగెత్తుకొచ్చారు, ఫోను చెవికి అలాగే ఉంది. ఇంట్లో ఉన్న తువాళ్ళన్నీ, చివరికి పెళ్ళికి మా మేనత్త పెట్టిన సోలాపూర్ దుప్పటి కూడా మెట్ల మీదకు దిగాయి. అది మళ్ళీ దుప్పటిగా పనికిరాలేదు. పెద్దావిడ తన ఇంట్లోంచి ఒక బకెట్, దానికి బిగించిన పిండే జల్లెడ, పొడుగు కర్ర ఉన్న తుడుపు తెచ్చి, ఏమీ మాట్లాడకుండా కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. నేను తుడుపు అందుకోబోతే ఇవ్వలేదు. ఆవిడ వయసు ఎనభై పైనే ఉంటుంది. ఆవిడ తుడుస్తుంటే ఖాళీ చేతులతో నిలబడటం కన్నా పెద్ద శిక్ష ఆ ఒప్పందంలో ఏ పేజీలోనూ రాసి ఉండదు.

వారం తిరిగేలోగా ఉత్తరం వచ్చింది. ఇక్కడ ఏదైనా ఉత్తరమే. చెక్క మెట్లను గట్టిగా పిండిన గుడ్డతో మాత్రమే తుడవాలి, గుడ్డ లోంచి చుక్క కూడా కారకూడదు, నీళ్ళు పోయకూడదు, చెక్క ఉబ్బితే ఖర్చు అద్దెకున్నవారిదే, ఇట్లు. మావారు అది చదివి, "ఇది మనం సంతకం పెట్టిన దాంట్లోనే ఉంది కదా" అన్నారు, ఆశ్చర్యంగా. మనం అట, మనం!

అమ్మకు ఫోనులో చెప్తే అసలు నమ్మలేదు. "నీళ్ళు పోయకుండా మెట్ల మురికి ఎలా పోతుందే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఈ మెట్లు చిన్న వంతేనట. పెద్ద వంతు వేరే ఉందట, ఇంటి ముందు కాలిబాట, చెత్తడబ్బాల చోటు, నేలమాళిగ మెట్లు. చలికాలంలో మంచు పడితే పనిదినాల్లో ఉదయం 7 గంటలకల్లా కాలిబాట మీద నుంచి తోసేయాలి. దానికి బకెట్ వాడనని మావారి దగ్గర ముందే మాట ఇచ్చాను.

వంతు ముగిశాక బోర్డు ఎదురింటి తలుపుకు తగిలించాను. నిన్న శనివారం. కుర్రాడు చెవుల్లో పాటలతో వచ్చాడు, రెండు చుక్కలు చల్లాడు, చెప్పుకాలితో రాశాడు, పోయాడు. కాసేపటికి పెద్దావిడ మా గుమ్మం దాకా ఎక్కి వచ్చింది. నేను చెత్తసంచితో బయటికి వస్తున్నాను. ఆవిడ నిమ్మవాసన గుండెల నిండా పీల్చుకుని, మెట్ల వైపు చేయి చూపించి, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది, "చూడమ్మా. ఇలా చేయాలి."