బెండకాయ దగ్గర ఆగిన సినిమా

పోయిన వేసవిలో అంబాజీపేట దగ్గర మా బాబాయి వాళ్లింట్లో ‘ఇంటర్‌స్టెల్లార్’ అనే హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమా పెట్టాను. బాబాయిది కొబ్బరి సేద్యం. సినిమా ఇంగ్లిష్‌లో నడుస్తుంటే నేను పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెబుతున్నాను. మొదట్లోనే ఒక మాట వస్తుంది. పక్క రైతు చేనంతా తగలబెడుతున్నాడట, తెగులు తగిలిందట, ఇక భూమ్మీద బెండకాయ పండటం ఇదే ఆఖరట. నేను ‘బెండకాయ’ అనగానే బాబాయి రిమోట్ అందుకుని సినిమా ఆపేశాడు.

“అంటే విత్తనం కూడా మిగల్లేదా?” అన్నాడు.

తర్వాత అరగంట సినిమా కదల్లేదు. కొన్నేళ్లుగా కోనసీమ తోటల్ని పీడిస్తున్న తెల్లదోమ గురించి చెప్పుకొచ్చాడు. ఆకు అడుగున దోమ తెల్లగా పరుచుకుంటుంది. అది కార్చే జిగురు కింది ఆకుల మీద పడి నల్లగా మసి పడుతుంది. మసి పట్టిన ఆకుకి ఎండ అందదు, చెట్టు డీలా పడిపోతుంది. చెట్టు నరికేసినవాళ్లున్నారు, కడిగినవాళ్లున్నారు, దేవుడి మీద భారం వేసినవాళ్లున్నారు. ఆ చెప్పడం అయ్యాక తెర మీదున్న రైతు హీరోని చూపించి ఒక ప్రశ్న అడిగాడు. “జనం ఆకలితో ఉన్నారంటున్నావు. మిగిలింది మొక్కజొన్న ఒక్కటే అంటున్నావు. అలాంటప్పుడు రైతుకి రేటు బ్రహ్మాండంగా రావాలి కదరా. మరి ఇతనెందుకు అలా ఉన్నాడు?”

ఈ సినిమా 2014లో వచ్చింది. దీని మీద తెలుగులో, ఇంగ్లిష్‌లో నేను చదివిన వ్యాసాలకు లెక్క లేదు. వెలుతురుని కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్ గురించి, ఐదో డైమెన్షన్ గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. పంట ధర గురించి ఎవరూ అడగ్గా నేను చూడలేదు. పంట ఉండి ధర లేకపోతే ఏమవుతుందో బాబాయికి తెలుసు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్లుండి, భూమి ఉండి, నాట్లు వెయ్యలేదు. ఆ అనుభవం ఉన్న మనిషికి ఈ సినిమా మొదటి పావుగంట కల్పనలా అనిపించదు. సినిమా చెప్పకుండా వదిలేసిన చోటు కూడా అతనికి కనిపిస్తుంది.

అంతకు ముందు ఈ సినిమా బాబాయికి పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మనలో సైన్స్ ఫిక్షన్ ఇష్టపడేవాళ్లు సినిమా చెప్పే పద్ధతిలోనే లోపం ఉంది. “బుర్ర పెట్టి చూడాలి”, “రెండుసార్లు చూస్తేగానీ అర్థం కాదు”, “అందరికీ ఎక్కదు” అంటూ మొదలుపెడతాం. సినిమా చూడమని చెబుతున్నట్టు ఉండదు, పరీక్షకి హాల్ టికెట్ ఇస్తున్నట్టు ఉంటుంది. ఎదుటివాడికి మొదటి నిమిషం నుంచీ టెన్షన్. అర్థం కాకపోతే చిన్నబోతాడు, అర్థమైనట్టు నటిస్తాడు. రెండిట్లో ఏది జరిగినా ఇక ఆ సినిమా గురించి మాట్లాడుకోవడం ఉండదు.

నేనే చేశాను ఆ పని. భీమవరం పక్క పల్లెలో నా చిన్ననాటి స్నేహితుడొకడు రొయ్యల చెరువులు చేస్తాడు. సైన్స్ ఫిక్షన్ ఏదైనా మంచిది చెప్పరా అంటే, 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చూడమన్నాను. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఏడాది ముందే తీసిన గొప్ప సినిమా అది. అందులో మొదటి మాట వినపడటానికి దాదాపు ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. వాడు పగలంతా చెరువు గట్ల మీద తిరిగి వచ్చి రాత్రి పదింటికి పెట్టుకున్నాడు. మొదట్లో వచ్చే కోతుల దగ్గరే నిద్రపోయాడు. తర్వాత మూడేళ్లపాటు నన్ను సినిమా అడగలేదు. ఆ సినిమా నాకు ఇష్టం కాబట్టి వాడికి చెప్పాను. వాడి రాత్రులు ఎలా గడుస్తాయో ఆలోచించలేదు.

రొయ్యల రైతుకి రాత్రంటే ఆక్సిజన్. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, లేకపోతే తెల్లారేసరికి పెట్టుబడంతా నీళ్ల మీద తేలుతుంది. ఫోన్ అలారం పెట్టుకుని, టార్చి పట్టుకుని గట్టు మీదకెళ్లి మీటర్ చూసుకుని వచ్చే మనిషి వాడు. అలాంటివాడికి నేను మొదటే చెప్పాల్సిన సినిమా ‘ది మార్షియన్’. 2015లో వచ్చింది. ఆలస్యంగానైనా చెప్పాను, ఈసారి ఒకే ఒక్క వాక్యంలో: “అంగారక గ్రహం మీద ఒక్కడే మిగిలిపోయాడు, గాలి లెక్క, నీళ్ల లెక్క, తిండి లెక్క తనే చూసుకోవాలి, ఎన్నాళ్లు బతుకుతాడు?”

రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేశాడు. అందులో హీరో రాకెట్ ఇంధనం నుంచి నీళ్లు తయారు చేస్తాడు, మనుషుల మలాన్నే ఎరువుగా వేసి బంగాళాదుంపలు పండిస్తాడు. మధ్యలో ఒక ప్రమాదం జరిగి పంటంతా క్షణాల్లో పోతుంది. “రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చినప్పుడు మా చెరువు ఇలాగే పోయిందిరా, మూడు రోజుల్లో. అప్పుడు గట్టు మీద నేనూ అలాగే కూర్చున్నాను” అన్నాడు. తర్వాత విమర్శ మొదలుపెట్టాడు. అంత లెక్క తెలిసిన మనిషి పంటనంతా ఒకే చోట ఎందుకు పెట్టుకున్నాడు? రెండో గది లేకపోతే రోవర్ బండిలోనైనా కాసిని మొలకలు దాచుకోవాలి కదా? నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీద మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కథ చెప్పను, రేటింగ్ చెప్పను, దర్శకుడు ఎంత గొప్పవాడో చెప్పను. సినిమా ఏ ప్రశ్నతో మొదలవుతుందో అది మాత్రం చెబుతాను. ఈ జాతి సినిమా ఏది చూసినా అడుగున ఒక ‘అయితే?’ ఉంటుంది. ఇలా జరిగితే? అలా కాకపోయి ఉంటే? ఆ ప్రశ్న ఎదుటివాడి బతుకులో ఎక్కడో తగలాలి. తగిలితే వేగం తక్కువైనా భరిస్తాడు, భాష రాకపోయినా భరిస్తాడు.

మా అమలాపురం వైపు షార్ట్ ఫిలింలు తీసే కుర్రాళ్లు కొందరు గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేక సైన్స్ ఫిక్షన్ జోలికి పోవడం లేదంటారు. వాళ్లకి 2013 నాటి ‘కొహీరెన్స్’ చెబుతాను. ఎనిమిది మంది స్నేహితులు భోజనానికి కూర్చున్నారు, ఆకాశంలో తోకచుక్క వెళుతోంది, కరెంటు పోయింది, వీధిలో ఒక్క ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. ఆ ఇంట్లో ఎవరున్నారు? అక్కడ ఆపేస్తాను. 1996 నవంబరు తుపాను తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్న కోనసీమలో, దూరంగా ఒక్క దీపం కనపడితే గుండె ఎలా కొట్టుకుంటుందో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. ఆ సినిమాని దర్శకుడు తన ఇంట్లోనే అయిదు రాత్రుల్లో తీశాడు. నటులకు పూర్తి స్క్రిప్టు ఇవ్వలేదు, ఎవరి కాగితం వాళ్లకిచ్చాడు.

‘అరైవల్’ గురించి చెప్పాలంటే నాకు యానాం గుర్తొస్తుంది. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. పాలకొల్లు, నరసాపురంలలో అంతకు చాలా ముందే డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేశారు. ఓడ దిగినవాడికీ, రేవులో నిలబడ్డ మన నేతగాడికీ మధ్య ఉమ్మడి మాట ఒక్కటీ లేని రోజు ఒకటి ఉండే ఉంటుంది. మొదటి దుబాషీ ఎలా పుట్టాడు? 2016లో వచ్చిన ఈ సినిమాలో పరాయి లోకం నుంచి ఓడలు దిగితే సైన్యం ఒక భాషా శాస్త్రవేత్తని పిలుస్తుంది. ఆవిడ పలక లాంటి తెల్లబోర్డు మీద ‘మనిషి’ అని రాసి తనని తాను చూపించుకుంటుంది. ఇంతకు మించి ఆ సినిమా గురించి ముందే ఏం చెప్పినా చూసేవాడికి ద్రోహం చేసినట్టే. చూసొచ్చాక మాత్రం ఒక పూట ఖాళీగా పెట్టుకోండి, మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

తెలుగు సినిమాల విషయానికొస్తే, గోదావరి జిల్లాల్లో ‘కల్కి 2898 ఏడీ’ని ఎవరికీ చెప్పక్కర్లేదు. ప్రభాస్ కుటుంబానిది మొగల్తూరు. 2024 జూన్ 27న మా వైపు అది పండగ రోజు. నా ఆలోచన ఆ పండగ తర్వాతి రోజుల మీద. వారం రోజులపాటు ఎక్కడ విన్నా అశ్వత్థామ ఫైటు, కర్ణుడు, అర్జునుడు, రెండో భాగం. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. కానీ ఆ సినిమా పెట్టిన అసలు ‘అయితే?’ వేరే ఉంది. కాశీలో గంగ ఎండిపోయి, నీళ్లూ పచ్చదనమూ ఉన్నవాళ్ల కోటలోకి వెళ్లిపోతే, కింద మిగిలినవాళ్లు ఎలా బతుకుతారు? ఆ ప్రశ్న డెల్టాకి తగిలినట్టు ఇంకెవరికి తగులుతుంది? ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే మనం ఇప్పుడు చూస్తున్న ఈ పచ్చదనం స్థిరపడింది. లాకులు వదిలితే నాట్లు, లాకులు కట్టేస్తే ఎండు కాలువలు. అంతర్వేది దగ్గర, ఉప్పాడ దగ్గర సముద్రం ఊళ్లని కోసుకుంటూ వస్తోంది. కాశీని అలా చూపించినప్పుడు మా హాల్లో ఒక్కరైనా కాలువ గట్టుని తలుచుకున్నారా అని నాకు ఆరాటంగా ఉండేది. అడిగి చూశాను. ఇద్దరు ముగ్గురు తలుచుకున్నారు, పైకి అనలేదు, అంతే. అలాంటివాళ్లని కదిపితే చాలు, ఫైటు దగ్గర మొదలైన కబురు నీళ్ల దాకా వస్తుంది.

కుటుంబం మొత్తానికి ఒకటే చెప్పమంటే మాత్రం నేను ఇప్పటికీ ‘ఆదిత్య 369’ దగ్గరికే వెళతాను. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకొచ్చింది. టైం మెషీన్ 1526కి, రాయలవారి కొలువుకి వెళుతుంది, అక్కడి నుంచి 2504కి వెళుతుంది. యంత్రం ఎలా పనిచేస్తుందో ఎక్కువ చెప్పరు. తెనాలి రామకృష్ణుడు ఎదురైతే మనం ఏం మాట్లాడతాం అన్న సరదా మీద కథ నడిపిస్తారు. సైన్స్ ఫిక్షన్ నాకొద్దు బాబూ అనేవాళ్లకి 2022 నాటి ‘ఒకే ఒక జీవితం’ చెబుతాను. పోయిన అమ్మని ఒక్కసారి చూడటానికి 1998కి వెళ్లగలిగితే? దానికి ఇంకో మాట అక్కర్లేదు.

మాట్లాడుకునేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ‘ఇంటర్‌స్టెల్లార్’లో బ్లాక్ హోల్ పక్కనున్న ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు గడుస్తాయి. ఇది చెప్పగానే మా పిన్ని, “రేవతి కథేగా” అంది. ‘మాయాబజార్’లో శశిరేఖ తల్లి రేవతే ఆ రేవతి. ఆమె తండ్రి కకుద్మి కూతురికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. భాగవతం నవమ స్కంధంలో ఉంది. కాలం అన్నిచోట్లా ఒకలా నడవదన్న ఊహకి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏనాడో అలవాటుపడ్డారు. దీన్ని ఆసరా చేసుకుంటే ఎంత కష్టమైన సినిమా అయినా చెప్పొచ్చు.

కానీ అక్కడి నుంచి “అన్నీ మనవాళ్లు ముందే చెప్పారు” అనే దాకా వెళితే కబురు ఆగిపోతుంది. కథ ఊహించింది, సినిమా వెనక లెక్క ఉంది. ఆ లెక్క చేసిన కిప్ థోర్న్‌కి వేరే పరిశోధనకి 2017లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. బ్లాక్ హోల్ ఎంత వేగంగా తిరిగితే గంటకి ఏడేళ్లు సాధ్యమో ఆయన కాగితం మీద తేల్చాడు. కకుద్మి కథ చెప్పినవాళ్ల ఊహకి దండం పెడతాను, థోర్న్ లెక్కకీ దండం పెడతాను. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని తోసేస్తే వినేవాడికి రెండూ దక్కవు.

బెండకాయ దగ్గర ఆగిన సినిమాని మర్నాడు మళ్లీ మొదలుపెట్టాం. ఆ గ్రహం నుంచి ఓడకి తిరిగొచ్చేసరికి హీరోకి 23 ఏళ్లు పోయాయి. పిల్లలు పంపిన వీడియోలు అన్నీ ఒకేసారి చూసుకుంటాడు. కొడుకు ఎదుగుతాడు, పెళ్లి చేసుకుంటాడు, తండ్రవుతాడు, అంతా ఆ చిన్న తెర మీదే. పిన్ని ఎనిమిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసొచ్చింది. చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

“మా అమ్మాయి పెద్దమనిషైన రోజు నేను ఫోన్లోనే చూశానురా” అంది. “ఫోన్ చిన్నది. చీర రంగు కూడా సరిగ్గా తెలియలేదు.”

బాబాయి రిమోట్ అందుకుని ఆపబోతే వద్దంది. సినిమా అయ్యేదాకా చూసింది. పడుకునే ముందు నా దగ్గరికొచ్చి, ఆ నల్లటి దాని దగ్గరికెళితే కాలం ఎందుకు నెమ్మదిస్తుంది, నాకు అర్థమయ్యేలా చెప్పు అంది. పాత నోటుబుక్ తెచ్చుకుని లాకుల దగ్గర నీళ్లు సుడి తిరగడం గీశాను. ఈ పోలిక సగం దూరమే వస్తుంది పిన్నీ అన్నాను. సరే, ఆ సగం చెప్పు ముందు, అంది. బాబాయి కూడా లైటు వేసి వచ్చి కూర్చున్నాడు.